వెనక్కి తిరిగిన ఇంజన్: డోనర్ కొండ మీద సదరన్ పసిఫిక్ క్యాబ్ ఫార్వర్డ్‌లు

#1 రోజ్‌విల్ రాంబాబు

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. మేముండేది కాలిఫోర్నియాలో రోజ్‌విల్. రాత్రి పదకొండు దాటాక గూడ్స్ యార్డు చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. మొదట్లో ఆ చప్పుడుకి మా ఆవిడకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అది లేకపోతే పట్టదు.

మొన్న శనివారం మా వాణ్ని తీసుకుని శాక్రమెంటో రైల్వే మ్యూజియంకి వెళ్లాం. అక్కడ నల్లటి స్టీమ్ ఇంజన్ ఒకటుంది, నంబర్ 4294. ఎదురుగా నిలబడి చూస్తే అది స్టీమ్ ఇంజన్ అని ఎవరూ అనుకోరు. మామూలుగా ముందు గుండ్రటి బాయిలర్ మూతి, దాని మీద పొగగొట్టం, వాటి వెనక డ్రైవర్ క్యాబ్ కదా ఉండేది? దీనికి క్యాబే అన్నిటికన్నా ముందుంది, అందుకే క్యాబ్ ఫార్వర్డ్ అంటారు. పాత సిటీ బస్సులా బల్లపరుపు మొహం, అద్దాల కిటికీలు, మధ్యలో హెడ్‌లైటు. పక్కనుంచి నడుచుకుంటూ పోతే బాయిలర్ అయ్యాక, చక్రాలన్నీ అయ్యాక, ఎక్కడో వెనక పొగగొట్టం కనిపించింది. దాని వెనక మళ్లీ టెండర్, అంటే నీళ్లూ ఇంధనమూ మోసే బండి. మొత్తం 120 అడుగుల పైమాటే.

మా వాడికి ఎనిమిదేళ్లు. "నాన్నా, దీన్ని తప్పుగా బిగించారా?" అన్నాడు. పొగ మొహం మీదికి రాకుండా ఇలా చేశార్రా అన్నాను. "మరి మిగతా ఇంజన్ల డ్రైవర్లకి పొగ రాదా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. మిగతా చోట్ల అక్కర్లేని ఈ వేషం ఇది నడిచిన ఈ డోనర్ కొండ మీదే ఎందుకు కావాల్సి వచ్చింది? ఇంకో డౌటు: కింద చక్రాలు రెండు గుంపులుగా ఎందుకున్నాయి?

#2 బిగ్‌బాయ్ భక్తుడు

స్వాగతం రాంబాబు గారూ. ఇంజనంటే మా ఫ్రిస్కోలో ఉందండీ, టెక్సాస్‌లో. యూనియన్ పసిఫిక్ బిగ్‌బాయ్ 4018. 2013లో డల్లాస్ ఫెయిర్ పార్క్ నుంచి ఇక్కడికి తెచ్చారు. 4-8-8-4 (ముందు నుంచి వెనక్కి చక్రాల లెక్క), లాగుడు శక్తి 1,35,375 పౌండ్లు. మీ క్యాబ్ ఫార్వర్డ్ దాని ముందు తమ్ముడే. మీ వాణ్ని ఓసారి ఇటు తీసుకురండి.

#3 స్వాతి మెకానికల్

భక్తుడు గారూ, ఆయన అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి 😄

రాంబాబు గారూ, ముందు మీ రెండో డౌటు తీరుస్తాను. అది తేలితే మొదటిది సగం తేలినట్టే.

కొండెక్కడానికి కావలసింది పట్టు. చక్రాల మీద బరువు ఎంత ఉంటే అంత పట్టు. అలాగని ఒక్కో ఇరుసు మీద ఇష్టమొచ్చినంత బరువు వేస్తే పట్టాలూ వంతెనలూ తట్టుకోవు, కాబట్టి ఇరుసుల సంఖ్య పెంచాలి. ఎనిమిది ఇరుసుల్ని ఒకే ఫ్రేములో బిగిస్తే అది వంపు తిరగదు. నిచ్చెనని సందు మలుపులో తిప్పిన వాళ్లకి తెలుస్తుంది ఆ బాధ. అందుకని నాలుగేసి ఇరుసుల చొప్పున రెండు జతలు చేసి, ఒక జతని బాయిలర్‌కి గట్టిగా బిగించి, రెండోదాన్ని కీలు మీద అటూ ఇటూ తిరిగేలా పెట్టారు. పై బాయిలర్ మాత్రం ఒక్కటే. ఊళ్లో బరువు బండి మిట్ట ఎక్కేటప్పుడు కాడికి ముందు ఇంకో జత ఎద్దుల్ని కడతారు చూడండి, అలాంటిదే.

ఈ కీలు పద్ధతికి 1884లో పేటెంట్ తీసుకున్నది అనటోల్ మాలే అనే స్విస్ ఇంజనీర్. ఆయన ఆలోచనలో కీలుతో పాటు ఇంకో తమాషా ఉంది. ఆవిరి ముందు ఒక జత సిలిండర్లలో పని చేస్తుంది, బయటికి వచ్చిన ఆ నీరసం ఆవిరే రెండో జతకి వెళ్లి మళ్లీ పని చేస్తుంది. ఫిల్టర్‌లో రెండో డికాక్షన్ లాగన్నమాట. రెండో డికాక్షన్ పలచన కదా, అందుకే ఆ సిలిండర్లు బాగా పెద్దవి. బొగ్గు ఆదా అవుతుంది, లాగుడు బాగుంటుంది, కానీ బండి నెమ్మది. అమెరికాలో మొదటి మాలే 1904లో బాల్టిమోర్ అండ్ ఒహాయో వాళ్లది. అక్కడినుంచి కొండ లైన్లున్న కంపెనీలన్నీ దాని వెంట పడ్డాయి.

పొగ సంగతి సాయంత్రం రాస్తాను, మీటింగ్ ఉంది.

#4 కిరసనాయిలు

రెండో డికాక్షన్ 👌 మా హాస్టల్ మెస్‌లో నాలుగోది కూడా పోసేవాళ్లు.

#5 స్వాతి మెకానికల్

సాయంత్రం అన్నాను గానీ మీటింగ్ ఎగిరిపోయింది.

డోనర్ కనుమ సియెర్రా నెవాడాలో ఉంది. సెంట్రల్ పసిఫిక్ వాళ్లు 1860ల్లో, ఎక్కువగా చైనా కూలీల చేతుల మీదుగా, ఆ కొండల్లోంచి లైను వేశారు. మీ రోజ్‌విల్ సముద్రమట్టానికి రెండు వందల అడుగుల లోపే. అక్కడినుంచి సుమారు 140 కిలోమీటర్లలో బండి 7,000 అడుగులకి చేరాలి. కొన్ని చోట్ల వంద అడుగులకి రెండడుగులకు పైనే ఎక్కుడు.

ఆ ఎక్కుడు కన్నా పెద్ద కష్టం మంచు. అక్కడ శీతాకాలమంతా కలిపి 30 అడుగులు పడటం మామూలే, కొన్నేళ్లు అంతకు బాగా ఎక్కువ. పట్టాల మీద పడ్డ మంచుని తోయలేక చివరికి పట్టాల మీదే చెక్కతో పైకప్పు వేసేశారు. ఒకచోటా రెండు చోట్లా కాదు, బాగా నడిచిన రోజుల్లో అన్నీ కలిపి 30 మైళ్లకు పైగా. స్నో షెడ్లు అంటారు. పశువుల కొట్టంలో రైలు నడుపుతున్నాం అని అక్కడి సిబ్బంది జోకు. వీటికి తోడు కొండ తొలిచిన సొరంగాలు.

తర్వాత ఆ లైను నడిపింది సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ. 1909లో వాళ్లు బాల్డ్విన్ కంపెనీ దగ్గర 4000, 4001 అని రెండు మాలే ఇంజన్లు కొన్నారు. 2-8-8-2. అప్పటిదాకా ఆ కొండ చూసిన ఇంజన్లన్నిటికన్నా పెద్దవి. లాగడంలో వంక లేదు. షెడ్డులోకి వెళ్లాక మాత్రం చిక్కొచ్చింది. అంత పెద్ద బాయిలర్ పొగ, దాంతో వచ్చే వేడి ఆవిరి, తలకి జానెడు దూరంలో ఉన్న కప్పుకి తగిలి నేరుగా వెనక ఉన్న క్యాబ్‌లోకి దిగింది. బండి నడిచేది ఎద్దు నడక. చిన్న ఇంజనైతే గబగబా బయటపడేది, దీని వెనక ఎంత బరువుంటే అంతసేపు లోపలే. సిబ్బందికి ఊపిరాడక సొమ్మసిల్లే పరిస్థితి.

వాళ్లు మొదట చేసిన పని చాలా మామూలుది. ఇంజన్‌ని వెనక్కి తిప్పి నడిపారు. క్యాబ్ ముందుకొచ్చింది, పొగ వెనక పడింది. ఊపిరి ఆడింది గానీ టెండర్ కూడా ముందుకొచ్చి దారి కనపడలేదు. అయితే టెండర్‌ని తీసి పొగగొట్టం వైపు తగిలిద్దాం, క్యాబ్‌ని మూసేసి ముందుకి కిటికీలు పెడదాం అన్నారు. 1910కల్లా బాల్డ్విన్ అలా కట్టిన మొదటి పదిహేను ఇంజన్లు వచ్చాయి. ఆ మొదటి రెండిటినీ కూడా తర్వాత అలాగే మార్చేశారు.

అంటే మీ వాడు అన్నది నూటికి నూరుపాళ్లూ కరెక్టు. అది ఉల్టా బిగించిన ఇంజనే.

#6 చక్రధర్‌పూర్ చిన్నోడు

భలే రాశారు స్వాతి గారూ. ఒక చిన్న సవరణ కాదు గానీ చేర్పు. డ్రైవర్ని ముందు కూర్చోబెట్టిన మొదటివాళ్లు వీళ్లు కాదు. ఇటలీలో 1900లోనే క్యాబ్ ముందున్న ఇంజన్ నడిచింది. అదే కాలిఫోర్నియాలో నార్త్ పసిఫిక్ కోస్ట్ అనే నేరోగేజ్ కంపెనీ వర్క్‌షాపులో విలియం థామస్ అనే ఆయన 1901లో ఒకటి కట్టాడు. అయితే అవి కీలు ఇంజన్లూ కావు, కొండ మోసినవీ కావు. వందల్లో కట్టి యాభై ఏళ్లకు దగ్గరగా రోజువారీ పని చేయించింది మాత్రం సదరన్ పసిఫిక్ ఒక్కటే.

#7 కిరసనాయిలు

నా పేరుకి తగ్గ ప్రశ్న. ఫైర్‌మన్ ముందుంటే టెండర్ అన్నిటికన్నా వెనక ఉంది. బొగ్గు ఎవడు మోసుకొస్తాడు? నూట ఇరవై అడుగులు తట్టతోనా?

#8 స్వాతి మెకానికల్

మంచి ప్రశ్న, అసలు కీలకం అదే. బొగ్గైతే ఈ ఇంజన్ పుట్టేదే కాదు. కాలిఫోర్నియాలో బొగ్గు కరువు, నూనె పుష్కలం. సదరన్ పసిఫిక్ అప్పటికే నూనెకి మారిపోయింది. చిక్కటి తారు లాంటి ఫర్నేస్ ఆయిల్. వేడి చేస్తే గానీ కదలదు. టెండర్ నుంచి ఇంజన్ పొడవునా గొట్టం వేసి ముందుకి పంపారు.

ఇంకో మెలిక ఉంది. కొండెక్కేటప్పుడు క్యాబ్ పైన, టెండర్ కింద. నూనె ఎగువకి పారాలి. అందుకని నూనె ట్యాంకు మూసేసి లోపలికి గాలి కొట్టి 5 పౌండ్ల ఒత్తిడిలో ఉంచేవారు. చూడ్డానికి చిన్న సంగతి, అది లేకపోతే మొత్తం డిజైనే లేదు.

బొగ్గుతో కుదరదనడానికి సాక్ష్యం కూడా ఆ కంపెనీలోనే ఉంది. 1939లో లైమా కంపెనీ దగ్గర పన్నెండు కీలు ఇంజన్లు కొన్నారు, ఏసీ-9 రకం. అవి న్యూ మెక్సికో వైపు బొగ్గుతో నడవడానికి. వాటికి క్యాబ్ మామూలుగా వెనకే పెట్టారు.

#9 పాత ఫైర్‌మన్ నంద్యాల

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. తప్పులుంటే దానివి.

ఆ సొమ్మసిల్లడం గురించి ఒక అమ్మాయి రాసిందే, అది చదివి రాత్రంతా పాత సంగతులే. నేను డెబ్భైల్లో మీటర్‌గేజ్‌లో ఫైర్‌మన్‌ని. వైజీ ఇంజన్లు. నల్లమల ఘాట్‌లో గిద్దలూరుకీ నంద్యాలకీ మధ్య చలమ దగ్గర సొరంగం. మేం సొరంగం అనం, బొగద అంటాం. అక్కడ స్థలానికే ఆ పేరు పడిపోయింది. మా ఇంజన్ మీరు చెప్పే వాటి పక్కన బొమ్మ. అయినా లోపలికి పోయాక ఆ రెండు మూడు నిమిషాలు ఎట్లుండేదో చెప్తా.

బొగద రాకముందే పార వెయ్యడం ఆపాలి. పచ్చి బొగ్గు పడితే నల్ల పొగ. కాబట్టి ఒక మైలు ముందే మంట బాగా ఎర్రగా చేసుకోవాల. ఇంజెక్టర్ ముందే పెట్టి బాయిలర్‌లోకి నీళ్లు నింపుకోవాల, ఎందుకంటే లోపల నీళ్ల మట్టం చూపే గేజ్ గ్లాసు కనపడదు. మెడలో తువ్వాలు బకెట్‌లో ముంచి ముక్కుకి చుట్టుకోవాల. తర్వాత కింద కూర్చోవాల, ఫుట్‌ప్లేట్ మీద, తలుపు పక్క మెట్టు దగ్గర. గాలి ఏమన్నా ఉంటే కిందనే ఉంటాది. డ్రైవర్ మాత్రం కూర్చోను వీల్లేదు, ఆవిరి వదిలే రెగ్యులేటర్ మీద చెయ్యి ఉండాలి కదా. మా డ్రైవర్ కళ్లు మూసుకుని చెవులతో నడిపేవాడు. చప్పుడు లెక్క తప్పితే చక్రం జారినట్టు.

ఒక వానాకాలం రాత్రి నిజంగానే జారింది. పైనుంచి ఊట నీళ్లు పట్టాల మీద కారతా ఉన్నాయి. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదల్లేదు. ఇసుక పెట్టినాం. తడికి ఇసుక గొట్టంలోనే ముద్ద కట్టింది. చివరికి నేను దిగి, పక్క గోడ తడుముకుంటా ముందుకు పోయి, దోసిలితో కంకర దుమ్ము పట్టా మీద పోసినా. ఎంతసేపు పట్టిందంటే చెప్పలేను, గంట అనిపించింది, పది నిమిషాలు అయ్యుంటాది. బయటికి వచ్చినాక దొరబావి వంతెన గాలి తగిలింది. ఆ గాలి రుచి ఇప్పటికీ గుర్తు.

ఆ అమెరికా వాళ్లు ఇంజన్‌ని తిప్పేసినారంటే నాకేం ఆశ్చర్యం లేదు. మాకూ అనిపించేది. అడిగేవాడెవడు?

#10 రోజ్‌విల్ రాంబాబు

తాతగారూ, నమస్కారం. మీరు రాసింది మా వాడికి చదివి వినిపించాను. "కళ్లు మూసుకుని నడిపాడా" అని మూడుసార్లు అడిగాడు. ఇప్పుడు ముక్కుకి తడి టవల్ కట్టుకుని సోఫా కింద దూరుతున్నాడు.

#11 బిగ్‌బాయ్ భక్తుడు

పెద్దాయనా, దండం. ఇలాంటివి పుస్తకాల్లో దొరకవు.

నేను మళ్లీ నా పాట పాడతాను. క్యాబ్ ఫార్వర్డ్ తెలివైన ఉపాయమే, ఒప్పుకుంటాను. ఇంజన్ గొప్పతనం అంటే మాత్రం బిగ్‌బాయ్. 1941 నుంచి 1944 దాకా ఆల్కో కంపెనీ పాతికే కట్టింది. బాయిలర్ ఒత్తిడి 300 పౌండ్లు, చక్రాలు 68 అంగుళాలు. వాసాచ్ కొండల్లో ఆగ్డెన్ నుంచి తూర్పుకి ఒక్కటే బండి లాక్కుపోయేది. ఫ్యాక్టరీలో ఎవరో పనివాడు దాని మూతి మీద సుద్దతో "బిగ్ బాయ్" అని రాశాడట, ఆ పేరే ఉండిపోయింది.

పైగా 2024 జూలైలో 4014 డోనర్ మీదుగా రోజ్‌విల్ వచ్చింది కదా రాంబాబు గారూ! మీ కొండ మావాడు కూడా ఎక్కాడు.

#12 రోజ్‌విల్ రాంబాబు

వచ్చింది. ఊరు ఊరంతా రోడ్డు మీదే. పార్కింగ్ దొరక్క మేం ఒక మైలు దూరం నడిచాం, అప్పటికి మావాడు నిద్రపోయాడు. విజిల్‌కి లేచి ఏడ్చాడు. అదీ నా బిగ్‌బాయ్ దర్శనం.

#13 చక్రధర్‌పూర్ చిన్నోడు

భక్తుడు గారూ, వాసాచ్ ఎక్కుడు వందకి 1.14. డోనర్‌లో వందకి రెండు దాటుతుంది. బిగ్‌బాయ్ పరుగెత్తడానికి కట్టిన ఇంజన్, క్యాబ్ ఫార్వర్డ్ మొయ్యడానికి కట్టినది. ఆఖరి రకం ఏసీ-12 లాగుడు 1,24,300 పౌండ్లు, చక్రాలు 63 అంగుళాలకు కాస్త పైన. అంత తక్కువేం కాదు. లెక్క కూడా చూడండి: మీవి 25. వీళ్లవి పాతవీ కొత్తవీ అన్నీ కలిపి 256. ఊళ్లో ఒక పహిల్వాన్ ఉండటం వేరు, వీధికో పదిమంది హమాలీలు ఉండటం వేరు. సరుకు దిగేది హమాలీల వల్లే.

#14 బిగ్‌బాయ్ భక్తుడు

హమాలీ పోలికకి మార్కులు వేస్తున్నాను. ఓటమి ఒప్పుకోవడం లేదు.

#15 స్వాతి మెకానికల్

ఈ 256 గురించి ఒక ముక్క. 1910 నాటివి మాలే పద్ధతిలో రెండో డికాక్షన్ వాడినవి. నెమ్మది. 1928 నుంచి వచ్చినవి, ఏసీ-4 మొదలు ఏసీ-12 దాకా, మధ్యలో ఏసీ-9 తీసేస్తే మొత్తం 195. వీటిలో నాలుగు సిలిండర్లకీ తాజా ఆవిరే. కీలు మాలేది, ఆవిరి పద్ధతి మామూలుది. క్యాబ్ కింద రెండు చక్రాల బదులు నాలుగు చక్రాల బండి పెట్టారు, 4-8-8-2 అయ్యింది. దాంతో కొండ దిగాక కూడా పరుగెత్తగలిగాయి. ప్యాసింజర్ బళ్లకీ కట్టారు. పాతవాటిని కూడా కంపెనీ తర్వాత ఇదే పద్ధతిలోకి మార్చుకుంది.

రెండో డికాక్షన్‌ని చివరిదాకా వదలనిది వర్జీనియాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్. వాళ్ల వై-6 ఇంజన్లు 1960 దాకా బొగ్గు బళ్లు లాగాయి. బొగ్గు గనులు వాళ్ల గుమ్మంలోనే ఉన్నాయి, బొగ్గు తక్కువ తినే ఇంజన్‌ని ఇంకా మెరుగుపరచుకుంటూ పోయారు. ఆ కంపెనీ గురించి వేరే చర్చ పెట్టాలి అసలు.

#16 గుంటూరు గూడ్స్

ఒక సందేహం. ముందు ఇంజన్ సిబ్బందికి పొగ రాదు, సరే. అంత బరువు బండికి మధ్యలో, వెనక బ్యాంకర్లు (తోసే సాయం ఇంజన్లు) ఉండేవి కదా? వాళ్ల మొహాన ముందు ఇంజన్ల పొగంతా పడదా?

#17 స్వాతి మెకానికల్

పడుతుంది. ముందొకటి, మధ్యలో ఒకటో రెండో, చివరి గార్డు పెట్టెకి (కబూస్) ముందు ఒకటి, అలా పెట్టేవారు. వెనకవాళ్లకి ముందువాళ్ల పొగ తప్పదు. కానీ ముప్పై నలభై వ్యాగన్ల మీదుగా చల్లారి చెదిరి వచ్చే పొగ వేరు, సొంత పొగగొట్టం నుంచి కప్పుకి కొట్టుకుని కాగుతున్న ఆవిరితో కలిసి దిగే పొగ వేరు. మనిషిని పడగొట్టేది రెండోది. తాతగారు చెప్పాలి దీనికి.

#18 పాత ఫైర్‌మన్ నంద్యాల

అమ్మాయి చెప్పింది నిజమే. పొగ కన్నా ముందు వేడి చంపుతాది. మొహం మీద ఉడుకు గుడ్డ వేసినట్టుంటాది. పొగకి దగ్గొస్తాది, వేడికి దగ్గు కూడా రాదు.

#19 గుంటూరు గూడ్స్

మరి వీటికి ప్రమాదాలేం కాలేదా? ముందు బాయిలర్ అడ్డం లేకుండా అద్దం వెనక కూర్చోవడం నాకైతే టెన్షన్. లెవెల్ క్రాసింగ్‌లో లారీ వస్తే?

#20 చక్రధర్‌పూర్ చిన్నోడు

మొదట్లో సిబ్బందికీ ఆ భయం ఉండేది. తర్వాత ముందు దారి అంత శుభ్రంగా కనపడటం అలవాటయ్యాక వేరే ఇంజన్ ఎక్కమంటే మొహం మాడ్చేవారట.

పెద్ద ప్రమాదం ఇంకో వైపు నుంచి వచ్చింది. 1941లో, ఇది డోనర్ మీద కాదు, లాస్ ఏంజెలెస్ దగ్గర సాంటా సుసానా కనుమ సొరంగంలో. పొగ వెనక పడేలా చేశారు గానీ నూనె గొట్టాలన్నీ ముందుకి తెచ్చారు కదా. కారిన నూనె, ఆవిరి తడి పట్టాల మీద పడ్డాయి. చక్రాలు జారాయి. బండి వెనక్కి జారింది, కప్లింగ్ తెగింది, గాలి గొట్టం ఊడి బ్రేకులు పట్టేసి సొరంగంలోనే నిలబడిపోయింది. తర్వాత క్యాబ్ కింద కారిన నూనె అంటుకుంది. సిబ్బంది బతకలేదు.

తాతగారు చెప్పిన ఊట నీళ్ల రాత్రి చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. అప్పుడే రాద్దామనుకుని ఆగాను.

#21 మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి, "మాది గొప్ప, మీది గొప్ప" పోస్టులు మూడు తీసేశాను. భక్తుడు గారూ, మీరే.

#22 బిగ్‌బాయ్ భక్తుడు

🙏

#23 గుంటూరు గూడ్స్

ఇండియాలో కీలు ఇంజన్లు లేవా? గ్యారట్ అని విన్నాను.

#24 చక్రధర్‌పూర్ చిన్నోడు

ఈ ప్రశ్న కోసమే మూడు రోజులుగా కాచుకుని ఉన్నాను.

గ్యారట్ వేరే జాతి. మాలేలో బాయిలర్ కింద రెండు జతల చక్రాలు. గ్యారట్‌లో ముందొక బండి, వెనకొక బండి, ఆ రెండిటి మధ్య బాయిలర్నీ క్యాబ్‌నీ పల్లకీలా మోసుకుపోతాయి. బాయిలర్ కింద చక్రాలు అడ్డు లేవు కాబట్టి లావుగా, పొట్టిగా కట్టొచ్చు. హెర్బర్ట్ గ్యారట్ ఆలోచన, మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ కంపెనీ తయారీ. మొదటిది 1909లో టాస్మేనియా వెళ్లింది. 1911లో డార్జిలింగ్‌కి ఒక బుల్లిది వచ్చింది.

మనకి దగ్గర కథ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. మన వాల్తేరు దాకా వచ్చిన కంపెనీయే. వాళ్ల ఎన్ క్లాస్ గ్యారట్, 4-8-0+0-8-4, బరువు 234 టన్నులు. ఇండియాలో నడిచిన స్టీమ్ ఇంజన్లన్నిటిలోకీ బరువైనది ఇదే. అయితే మన వైపు కాదు, చక్రధర్‌పూర్ అడవి ఘాట్లలో బొగ్గూ ఖనిజమూ లాగాయి. మా నాన్న అక్కడ పనిచేశారు, నా పేరు అందుకే. ఒకటి ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. వెళ్లినవాళ్లు దాని పక్కన ఐస్‌క్రీం తిని వచ్చేస్తారు.

మన కొత్తవలస కిరండూల్ లైను సొరంగాల్లో కూడా ఇలాంటివి నడిచాయా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా. ఆ లైను 1960ల్లో తెరిచారు, ఖనిజం బళ్లకి మొదటినుంచీ డీజిలే.

#25 కిరసనాయిలు

గ్యారట్‌ని డోనర్‌లో పెట్టుంటే?

#26 స్వాతి మెకానికల్

గ్యారట్ రెండు వైపులా ఒకేలా నడుస్తుంది. బాయిలర్ వెనకుండేలా నడిపితే పొగ వెనకపడుతుంది, పెద్ద తిప్పలేం పడక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో సొరంగాలున్న లైన్లలో అలాగే నడిపేవారు. కానీ అమెరికా పెద్ద కంపెనీలు గ్యారట్ ముట్టుకోలేదు. నీళ్లూ నూనే ఖర్చయ్యేకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి పట్టు తగ్గుతుందని దానికున్న ఒక లోపం. వాళ్లకి ఇంజన్ బరువు తగ్గే సమస్య ఎప్పుడూ లేదనుకోండి, పెంచుకుంటూ పోవడమే తెలుసు.

#27 రోజ్‌విల్ రాంబాబు

వారం తర్వాత వస్తున్నాను. ఊరికే కూర్చోలేదు, శనివారం డోనర్ వెళ్లొచ్చాం.

శిఖరం మీద పాత సొరంగాలు, షెడ్లలోంచి పట్టాలు 1993లో పీకేశారు. బళ్లన్నీ ఇప్పుడు 1925లో తవ్విన రెండో సొరంగంలోంచి పోతాయి, అది దాదాపు రెండు మైళ్లు. పాత దాంట్లో ఇప్పుడు జనం నడుస్తున్నారు, గోడల నిండా రంగు రంగుల రాతలు. ఆరో నంబర్ సొరంగం 1,659 అడుగులు. 1867లో పూర్తయింది. రెండు కొసల నుంచీ తవ్వుతూనే, కొండ పైనుంచి నిలువు బావి దింపి, దాని అడుగు నుంచి అటూ ఇటూ కూడా తవ్వారట. నాలుగు మొహాలన్నమాట. జూన్ నెల, బయట ఎండ మాడుస్తోంది, లోపల అడుగు మందం గడ్డ ఐసు.

టార్చి పైకి వేస్తే కప్పు రాయి నల్లగా ఉంది. వేలితో రాద్దామంటే అందలేదు. మావాణ్ని భుజాల మీద ఎక్కించుకుంటే పక్క గోడ కాస్త ఎత్తున అందింది. వేలు నల్లగా వచ్చింది. ఇంజన్ మసో, క్యాంపు మంటల మసో నాకు తెలియదు. వాడు మాత్రం తేల్చేశాడు, "4294ది". ఇంటికి వచ్చేదాకా ఆ వేలు కడగనివ్వలేదు. కారు సీటుకి ఒక గీత పడింది, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

చెక్క షెడ్లు ఏమీ మిగల్లేదు, ఉన్నవన్నీ కాంక్రీటువి. చెక్కవి తరచూ అంటుకునేవట. కొండ మీద కాపలావాడు టెలిఫోన్‌తో కూర్చుని పొగ కనపడితే కబురు చేస్తే, నీళ్ల ట్యాంకులతో సిద్ధంగా ఉన్న ఫైర్ ట్రైన్ పరుగెత్తేది. మంచు నుంచి కాపాడ్డానికి కొట్టం, కొట్టంలో పొగకి ఇంజన్ తిప్పడం, కొట్టం అంటుకుంటే దానికి ఇంకో రైలు.

#28 గుంటూరు గూడ్స్

1952లో ఇక్కడే కదా రైలు మంచులో ఇరుక్కున్నది?

#29 స్వాతి మెకానికల్

అవును, సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో. జనవరి 13న, శిఖరానికి పడమర యూబా గ్యాప్ దగ్గర. 226 మంది, మూడు రోజులు. ఆ రైలుకి ఉన్నవి డీజిల్ ఇంజన్లు. దాన్ని తియ్యడానికి స్టీమ్ ఇంజన్లు తోసే రోటరీ మంచు యంత్రాలు వెళ్లి, అవీ ఇరుక్కున్నాయి. ప్రయాణికులందరూ బతికి బయటపడ్డారు. సహాయానికి వెళ్లిన రోటరీ సిబ్బందిలో ఒకాయన మంచు చరియ విరిగిపడి పోయారు.

ఆ తర్వాత నాలుగైదేళ్లకే క్యాబ్ ఫార్వర్డ్‌ల పని అయిపోయింది. మిగిలింది మీరు చూసిన 4294 ఒక్కటే. 1944లో వచ్చిన ఆఖరిది. మిగతావన్నీ తుక్కు.

#30 బిగ్‌బాయ్ భక్తుడు

256లో ఒక్కటేనా? మావి 25లో ఎనిమిది ఉన్నాయి.

ఇది గొప్పలు కాదు మోడరేటర్ గారూ, బాధతోనే రాస్తున్నా.

#31 పాత ఫైర్‌మన్ నంద్యాల

రాంబాబూ, పిల్లోడి వేలు సంగతి విని బాగా నవ్వినా. నేను పెళ్లిచూపులకి పోయినప్పుడు గోళ్లలో మసి పోక చేతులు వెనక పెట్టుకుని కూర్చున్నా. మా మామ అది చూసి రైల్వే ఉద్యోగం నిజమే అన్నాడంట.

ఒక పని చేసి పెట్టు నాయనా. మళ్లీ ఆ మ్యూజియంకి పోతే, వీలైతే క్యాబ్ లోపల ఎడమ పక్క ఫోటో తియ్యి. ఫైర్‌మన్ కూర్చునే పక్క. పార లేకుండా నూనెతో మంట పెట్టేవాడు చేతిలో ఏం పట్టుకునేవాడో, ఎక్కడ కూర్చునేవాడో నాకు చూడాలని ఉంది. కూర్చోను కుర్చీ ఉండిందా అది కూడా చూడు.

#32 రోజ్‌విల్ రాంబాబు

ఆదివారం వెళ్తున్నాం తాతగారూ. ఫోటో వాడే తీస్తానంటున్నాడు.